నోటితో చెప్పలేని పాస్‌వర్డ్

ఆ రోజు ఉదయం రంగుల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరి మీదా అరవకుండా పనికి వెళ్ళి, ఎవరి మీదా అరవకుండా ఇంటికి తిరిగి రావాలి. అంతే. కిందటి వారం డాక్టరు ఆయన రక్తపోటు చూసి, యంత్రం పాడైందేమో అనుకుని పక్కగదిలోంచి ఇంకో యంత్రం తెప్పించి చూసి, "మీరు కోపం తగ్గించుకోవాలండీ" అన్నాడు. "నాకు కోపమని ఎవరు చెప్పారు?" అని మాస్టారు వేసిన కేకకి బయట బెంచీ మీద కూర్చున్న రోగులందరూ లేచి నిలబడ్డారు. ఆ సాయంత్రమే భార్య ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. గోడల రంగులు తయారుచేసే కంపెనీలో రంగులు కలిపే మనిషి. ఎవరైనా పాత కర్టెను ముక్కో, పగిలిన టైలు పెంకో తెచ్చి "అచ్చం ఇదే రంగు గోడకి కావాలి" అంటే, ఏ డబ్బాలోంచి ఎంత పడాలో ఆయన కళ్ళే చెప్పేస్తాయి. కలిపిన రంగుని అట్టముక్క మీద రాసి, ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టి, అది ఆరేదాకా పక్కన మనిషి దగ్గినా ఊరుకోరు. తడిగా ఉన్నంతసేపూ రంగు అబద్ధమాడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆయన ఈ మధ్య తయారుచేసిన రంగు పేరు తడిరాయి. వాన వెలిశాక రాయి ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంటుంది. కంపెనీ దాన్ని త్వరలో బజార్లోకి వదలబోతోంది.

పథకానికి మొదటి గండం కాఫీ దగ్గరే వచ్చింది. భార్య తమ్ముడు, వృత్తిరీత్యా ప్లీడరు, పొద్దున్నే దిగాడు. తన ఇంట్లో కాఫీ బాగుండదని కాదు. తన ఇంట్లో వినేవాళ్ళు లేరు.

"బావగారూ, మీ ఫోను దేంతో తెరుస్తారు?" అన్నాడు, కప్పు ఇంకా చేతికి రాకముందే.

"చూపుడు వేలితో. ఏం?"

"కొంప మునిగింది."

"ఎవరి కొంప?"

"మీదే. వేలు మీ సొంతమనుకుంటున్నారు మీరు. కోర్టు దృష్టిలో వేలు ఒంట్లో ఒక భాగం. రక్తం తీసినట్టు, ఫొటో తీసినట్టు, వేలు పట్టుకుని ఫోనుకి ఆనించమంటే ఆనించాల్సిందేనని అవతలివాడు వాదించొచ్చు. పాస్‌వర్డ్ అలా కాదు. అది మీ బుర్రలో ఉంటుంది. బుర్రలో ఉన్నదాన్ని బలవంతాన కక్కించడమంటే మీ మీద మీ చేతే సాక్ష్యం చెప్పించడం. దానికి మనం ఒప్పుకోం."

"ఇది ఖాయమేనా?"

"ఖాయం ఎక్కడుంటుంది బావగారూ? ఒక్కో కోర్టు ఒక్కోలా అంటోంది. అందుకే కదా మాలాంటివాళ్ళం నాలుగు మెతుకులు తింటున్నాం. ఇంకోటి. మీరు నిద్రపోతున్నా మీ వేలు పనిచేస్తుంది. నోరు పనిచెయ్యదు."

"మీ బావ నోరు నిద్రలో కూడా పనిచేస్తుందిరా" అంది వంటింట్లోంచి అక్క.

మాస్టారికి ఒళ్ళు మండింది. కానీ ఒట్టు గుర్తొచ్చింది. కాఫీ వేడిగా ఉండగానే గటగటా తాగేసి, నాలుక కాల్చుకుని, ఎవర్నీ ఏమీ అనకుండా బయటపడ్డారు. గేటు దాకా బాగానే నడిచింది వ్యవహారం.

కంపెనీ గేటు దగ్గర కొత్త యంత్రం బిగించారు. ఇకనుంచి హాజరు పుస్తకంలో సంతకం లేదట, వేలు పెట్టాలట. మాస్టారు పెట్టారు. "మళ్ళీ ప్రయత్నించండి" అంది యంత్రం, తేనె కారే ఆడగొంతుతో. మళ్ళీ పెట్టారు. "మళ్ళీ ప్రయత్నించండి." ఆయన బొటనవేలి మీద ముందురోజు తడిరాయి ఎండి పొరకట్టి ఉంది. మంచి రంగు, గోకినా రాదు. వెనకాల వరస పెరుగుతోంది. ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి. అప్పుడు వచ్చాడు మేనేజరు.

ఈ మేనేజరుని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ సార్ అంటారు. అటు తిరగ్గానే తుప్పుమొహం అంటారు. అతను చెయ్యి పెట్టిన ప్రతి పనీ ఆర్నెల్లలో తుప్పు పట్టిపోవడం ఒక కారణమైతే, నవ్వితే పెచ్చులూడి కింద పడతాయేమో అన్నట్టుండే ఆ మొహం ఇంకో కారణం. పనిచేసేవాళ్ళ మీద మర్యాదగా విషం కక్కడంలో అతనికి సాటి లేరు.

"ఏమండీ మాస్టారూ, మీ వేలే మిమ్మల్ని ఒప్పుకోవట్లేదు. ఇక నేనేం చెయ్యగలను?" అన్నాడు అందరికీ వినపడేలా. "ఈ పూటకి సెలవు రాయించేస్తాను. సాయంత్రందాకా ఎలాగూ ఉంటారుగా, పని మాత్రం ఆపకండి."

పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ యంత్రాన్ని గోడలోంచి పీకి మేనేజరు నెత్తిన కొట్టాలనిపించింది. ఇన్నేళ్ళుగా ఈ కంపెనీ రంగులన్నీ ఆ వేళ్ళ మీదుగా పోయాయి. ఈ నిన్న కాక మొన్న వచ్చినవాడికి ఆ వేలు చులకనైపోయింది! కానీ ఒట్టు ఒట్టే. పళ్ళు పటపటా కొరుక్కుంటూ చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

అక్కడ సబ్బుతో ఎంత తోమినా వేలి మీద రంగు కదల్లేదు. ఎవరో ఒకరిని ఏదో ఒకటి చెయ్యాలి. దొరికింది ఫోనొక్కటే. "ఈ వేళ్ళకీ నాకూ ఇవాళ్టితో చెల్లు" అనుకుని, ఫోన్లోంచి వేలు తీసిపారేసి పాస్‌వర్డ్ పెట్టబోయారు. ఏం పెట్టాలి? తలెత్తితే ఎదురుగా గోడ మీద సమాధానం రాసి ఉంది. ఎవరో పుణ్యాత్ముడు, తెలుగులో రాస్తే చేతిరాత పట్టేస్తారని, ఇంగ్లీషు అక్షరాల్లో తుప్పుమొహం అని పెద్దగా రాశాడు. కంపెనీ సొంత రంగుతోనే రాశాడు. అది గ్యారంటీ ఉన్న రంగు కావడం వల్ల, ఎన్నిసార్లు తుడిపించినా పోలేదు.

మాస్టారు గోడని చూస్తూ ఒక్కో అక్షరం కసిగా పొడిచారు. "పాస్‌వర్డ్ బలహీనంగా ఉంది. అంకెలు చేర్చండి" అంది ఫోను. మూడు సున్నాలు చేర్చారు. మేనేజరు తెలివికి ఒకటి, పనితనానికి ఒకటి, మర్యాదకి ఒకటి. "ప్రత్యేక గుర్తు చేర్చండి" అంది. ఆశ్చర్యార్థకం పెట్టారు. "పాస్‌వర్డ్ చాలా బలంగా ఉంది" అంది ఫోను. ఆ కంపెనీ ఆవరణలో ఆయనకి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే. కోపం కాస్త దిగింది. ఎవరి మీదా అరవకుండానే పని జరిగిపోయిందని సంబరపడ్డారు కూడా.

మధ్యాహ్నం మేనేజరు గదికి రమ్మని కబురొచ్చింది. బల్ల మీద అవతలి కంపెనీవాళ్ళ కొత్త రంగుల అట్ట పరిచి ఉంది. మధ్యలో, కళ్ళెదుట, ఆయన తడిరాయి. పేరు మాత్రం వానరాయి.

"దొంగవెధవలు! రాయిని కూడా మార్చలేదు!" అని అరిచేశారు మాస్టారు. ఒట్టు అక్కడ తప్పింది.

ఫోన్లో స్పీకరు మీద హెడ్డాఫీసు మనిషి మాట్లాడుతున్నాడు. "ఈ రంగు ఫార్ములా వాళ్ళ ఏజెంటుకి మీ నంబరు నుంచే వెళ్ళిందట. ఆ ఏజెంటే ఎవరి దగ్గరో గొప్పలు పోతే మాదాకా వచ్చింది. ఏమంటారు?"

"నేను పంపింది నిజమే. మేనేజరుగారే పంపమన్నారు! నా ఫోన్లో ఆయన గొంతుతో మెసేజీ కూడా ఉంది. కొత్త డీలరనుకున్నాను!"

మేనేజరు మొహంలో రంగు ఇంకిపోయింది. రంగుల్లో పండిన మాస్టారికి అది క్షణంలో తెలిసిపోయింది. ఇక్కడ తుప్పు పైపైన లేదు, లోపలిదాకా తినేసింది.

"నేనా? నేనెందుకు పంపమంటాను? నా పాత ఫోను నీళ్ళలో పడిపోయింది కాబట్టి ఏదైనా అనొచ్చనుకుంటున్నారా మాస్టారూ?" అన్నాడు మేనేజరు.

"ఇప్పుడే తెరిచి వినిపిస్తాను, నీ..." అంటూ మాస్టారు జేబులోంచి ఫోను తీశారు.

"మీరు ముట్టుకోవద్దు" అంది స్పీకరు. "ఏదైనా చెరిపేశారని తర్వాత గొడవ వస్తుంది. ఫోను కంప్యూటరు అమ్మాయి చేతికివ్వండి. పాస్‌వర్డ్ చెప్పండి. ఆమే తెరుస్తుంది."

కంప్యూటరు విభాగంలో పనిచేసే అమ్మాయి ఫోను అందుకుని, వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని, "చెప్పండి మాస్టారూ" అంది.

మాస్టారు నోరు తెరిచారు. "తు..." అన్నారు. ఎదురుగా బల్లకి అవతల ఆ మొహమే కూర్చుని తననే చూస్తోంది. అధికారిని మొహం మీద తిట్టినవాళ్ళని అప్పటికప్పుడు తీసెయ్యొచ్చని కంపెనీ నిబంధనల్లో ఉంది. చెప్పినా, రాసిచ్చినా, తిట్టినందుకు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే దొంగతనం అంటుకుని ఉద్యోగం పోతుంది. రంగు ఫార్ములాలు అమ్ముకున్నాడని పేరు పడ్డ మనిషిని ఈ వృత్తిలో ఇంకెవరూ గుమ్మం తొక్కనివ్వరు.

"తు... తుమ్మొస్తోంది" అన్నారు మాస్టారు.

"తుమ్మి చెప్పండి."

"చెప్పను. అది నా బుర్రలో ఉంది. బుర్రలో ఉన్నది చెప్పమనే హక్కు మీకు లేదు."

పొద్దున వినీ విననట్టు విన్న బావమరిది మాటలు అలా నాలిక మీదికి ఎందుకొచ్చాయో ఆయనకే తెలీదు. మేనేజరు మొహంలోకి మాత్రం ప్రాణం తిరిగొచ్చింది. ఫోనుని కవర్లో పెట్టి సీలు వేశారు. మర్నాడు విచారణ అన్నారు.

సాయంత్రం సంగతి తెలిసి బావమరిది ఆనందం పట్టలేకపోయాడు. "శభాష్ బావగారూ! ఇన్నాళ్ళూ మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను. రేపు నేనే వచ్చి మీ పక్కన కూర్చుంటాను. ప్రాణం పోయినా పాస్‌వర్డ్ చెప్పకండి."

"ఒరేయ్, నాకు ఆ ఫోను తెరుచుకోవాలిరా! సాక్ష్యం అందులోనే ఉంది! కానీ ఆ పాస్‌వర్డ్ ఉంది చూశావూ..."

"ఆగండి!" అని బావమరిది రెండు చెవులూ మూసుకున్నాడు. "నాకూ చెప్పొద్దు. నేను విన్నానంటే రేపు నా మొహంలో తెలిసిపోతుంది."

మొహం అన్న మాట వినగానే మాస్టారు ఉలిక్కిపడ్డారు. అది భార్య కంట పడింది.

ఆవిడ తమ్ముణ్ణి సాగనంపి వచ్చి తలుపేసింది. భోజనాల దగ్గర గరిటె పక్కన పెట్టి నెమ్మదిగా అడిగింది. "ఎవరి పేరండీ అది?"

"ఏది?"

"ఉద్యోగం పోతుందన్నా నోరు విప్పి చెప్పలేని పేరు. పాస్‌వర్డ్‌గా ఎవరి పేరు పెట్టుకున్నారు?"

"పేరు కాదే. మొహం."

"ఎవరి మొహం?"

"అంటే... ఆ మొహం కాదు..."

"ఎన్ని మొహాలున్నాయి మీకు?"

"నీకర్థం కావట్లేదే. పొద్దున నాకు కోపం వచ్చింది..."

"కోపం వస్తే మొహాలు పెట్టుకుంటారా? మరి నాకొచ్చినప్పుడు నేనేం పెట్టుకోవాలి?" అని ఆవిడ విసురుగా లేచి గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. తలుపు ఇవతల నిలబడి మాస్టారు తుప్పు సంగతి, గోడ సంగతి, సున్నాల సంగతి అంతా చెప్పారు. "ఇంత పెద్దమనిషి పెట్టుకునే పాస్‌వర్డేనా అది? అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి" అన్న జవాబొచ్చింది. ఆయన సోఫాలో పడుకున్నారు. జీవితంలో తొలిసారి నిజం చెప్పి దొంగైన మనిషికి నిద్రెలా పడుతుంది?

మర్నాడు కంపెనీ గేటు దగ్గర లారీలు రోడ్డు మలుపుదాకా నిలిచిపోయి ఉన్నాయి. లోపలికి ఒక్కరూ పోవడం లేదు. యంత్రం ఎదురుగా పనివాళ్ళందరూ చేతులు కట్టుకుని, వేళ్ళు చంకల్లో దాచుకుని నిలబడ్డారు. మాస్టారిని చూడగానే ఈలలు, చప్పట్లు.

"మాస్టారు నోరు విప్పలేదు! మేం వేలు చూపించం!" అని అరిచాడు డబ్బాలకి మూతలు బిగించే యంత్రం నడిపేవాడు. వాడి వెనకే మిగతావాళ్ళు.

"ఎవర్రా మీకు చెప్పింది? నోరు మూసుకుని పనికి పొండి!" అన్నారు మాస్టారు.

"విన్నారా? నోరు మూసుకోమంటున్నారు! అదే మన ఆయుధం!" అన్నాడు వాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. కోపంతో వణుకుతున్న మాస్టారిని చూసి, ఆవేశంలో ఆయనకి మాట రావడం లేదని చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

అంతకన్నా ఘోరం నడవాలో జరిగింది. మేనేజరు ఎదురొచ్చి, చుట్టూ చూసి, మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్న ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకండి. మీ పట్టుదల చూసి నాకే ముచ్చటేసింది. అస్సలు చెప్పకండి. అది మీ హక్కు. మహా అయితే ఉద్యోగం పోతుంది, పరువు దక్కుతుంది. నేను పూర్తిగా మీ పక్షమే." చెప్పి ఆ మొహంతో నవ్వాడు.

మాస్టారు ఆ చేతిని భుజం మీద నుంచి చచ్చిన ఎలకని తీసినట్టు రెండు వేళ్ళతో తీసి పక్కన పడేశారు. ఆయనకి ఎంత మండిపోయిందంటే, ఆ క్షణాన ప్రపంచంలో తన పక్షాన నిలబడ్డ ప్రతి ఒక్కర్నీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. లోకమంతా తన మౌనాన్ని మోస్తోంది. మాట్లాడితే బతికే మనిషి తనొక్కడే.

విచారణ జరిపేందుకు హెడ్డాఫీసు ఒక రిటైరైన మహిళా జడ్జిని పంపింది. సన్నగా, నెరిసిన జుట్టుతో, నవ్వూ కోపమూ రెండూ ఇంట్లో వదిలేసి వచ్చినట్టున్న మనిషి. పక్కన టైపిస్టు. అవతల కంప్యూటరు అమ్మాయి, సీలు తీసిన ఫోను. ఒక వైపు మేనేజరు. ఇంకో వైపు మాస్టారు, కొత్త టై కట్టుకొచ్చిన బావమరిది.

"నా క్లయింటు వేలిని మీరు పట్టుకోగలరేమో, నాలుకని పట్టుకోలేరు!" అని మొదలుపెట్టాడు బావమరిది.

"నేను ఎవరి నాలుకా పట్టుకోనండీ" అంది జడ్జిగారు తాపీగా. "ఇది కోర్టు కాదు, కంపెనీ విచారణ. చెప్పకపోతే జైల్లో పెట్టను. కానీ సాక్ష్యం తన దగ్గరే ఉందని చెప్పిన మనిషి, దాన్ని చూపించడానికి ఒప్పుకోకపోతే, అలాంటి సాక్ష్యం లేదనే అనుకోవాల్సొస్తుంది. సాయంత్రం లోపల నివేదిక పంపాలి. మాస్టారూ, పాస్‌వర్డ్ చెప్పేది లేదన్నది మీ ఆఖరి మాటేనా?"

"ఆఖరి మాటే" అన్నాడు బావమరిది.

"ఆఖరి మాటేనండీ, పాపం" అన్నాడు మేనేజరు.

ఆ 'పాపం' దగ్గర తెగింది. మాస్టారు కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారు.

"నువ్వెవడివిరా నా మీద జాలి పడటానికి? చెబుతాను! ఉద్యోగం పోతే పోనీ, దొంగనని మాత్రం ఇంటికి పోను! రాసుకో అమ్మా! తుప్పుమొహం!"

బావమరిది కళ్ళు మూసుకున్నాడు. టైపిస్టు వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి.

"అది పాస్‌వర్డా, లేక మాట తూలారా?" అంది జడ్జిగారు.

"పాస్‌వర్డేనండీ. ఇంగ్లీషు అక్షరాల్లో. చివర మూడు సున్నాలు, ఒక ఆశ్చర్యార్థకం."

"సున్నాలు దేనికి?"

"ఊరికేనండీ."

కంప్యూటరు అమ్మాయి కొట్టింది. "తప్పని వస్తోంది మేడం. మాస్టారూ, తుప్పులో మొదట టి పక్కన హెచ్ ఉందా?"

"ఉంది. మామూలుగా తుప్పంటే అలాగే కదా రాస్తారు."

"హెచ్ పెట్టే కొట్టాను. పీలు రెండా?"

"రెండే. ఒక్క పీతో తీరే తుప్పు కాదది."

"మొహంలో ఎం పెద్దదా, చిన్నదా?"

"ఏమో... చూసి పొడిచానమ్మా, చదివి కాదు. చిన్నదేమో వేసి చూడు."

మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు. "మేడం, ఇంకొక్కసారే అవకాశముంది. అదీ తప్పైతే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది" అంది, ఏడుపు గొంతుతో. టైపిస్టు అంతవరకూ రాసింది సరి చూసుకోవడానికి పైకి చదివాడు. "తుప్పుమొహం, హెచ్‌తో, ఫలించలేదు. తుప్పుమొహం, చిన్న ఎంతో, ఫలించలేదు."

ఆ కంగారులో, వెళ్ళి గోడ చూసొద్దామన్న ఊహ కూడా మాస్టారికి తట్టలేదు. తిట్టడమూ అయిపోయింది, ఫోనూ తెరుచుకోలేదు. రెండు నేరాలూ పూర్తిగా తన ఖాతాలోకే వచ్చాయి. అవతల మేనేజరు పెదవి బిగించి కూర్చున్నాడు. ఇంకొక్క నిమిషం అలాగే కూర్చుని ఉంటే అతను గెలిచేవాడు. కానీ టైపిస్టు ఆ మాటని మూడోసారి, ఈసారి అర్థం కోసం సాగదీసి, "తు-ప్పు-మొ-హం..." అన్నాడు.

"ఆపండి!" అని మేనేజరు బల్ల గుద్దాడు. "ఇన్నిసార్లు అంటుంటే వింటూ కూర్చోవాలా నేను? మేడం, ఇతను నన్ను తిడుతున్నాడు! ఇది క్రమశిక్షణ ఉల్లంఘన! తక్షణం తీసెయ్యండి!"

జడ్జిగారు కళ్ళజోడు సరిచేసుకుంది. "మిమ్మల్నా? ఆయన ఎవరి పేరూ చెప్పలేదే. ఏదో పాస్‌వర్డ్ అన్నారు. అది మీరేనని మీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేమిటి! ఈ కంపెనీ అంతా నన్ను అదే అంటుంది! చేతులు కడుక్కునే గదిలో గోడ మీద నిలువెత్తున రాశారు, రోజూ చూస్తున్నాను! హెచ్చట హెచ్చు, ఎక్కడుంది హెచ్చు? టి, యు, పి, పి, యు! ఎం, ఓ, హెచ్, ఏ, ఎం! టీ పెద్దది, ఎం పెద్దది! కావాలంటే వెళ్ళి చూసుకోండి!"

మాస్టారికి గోడ కళ్ళ ముందు కదిలింది. కంప్యూటరు అమ్మాయి మాత్రం ఎవరి అనుమతి కోసమూ చూడలేదు. మేనేజరు చెప్పింది చెప్పినట్టు కొట్టి, మూడు సున్నాలు, ఆశ్చర్యార్థకం తగిలించింది.

"తెరుచుకుంది మేడం" అంది.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. ఆ అమ్మాయి మెసేజీ వెతికి నొక్కింది. గదంతా అతని గొంతే నిండింది. "మాస్టారూ, తడిరాయి ఫార్ములా నేనిప్పుడు పంపే నంబరుకి వెంటనే పంపెయ్యండి. ఎవరికని అడక్కండి. నేను చెప్పానుగా, అంతే."

"ఇది మీ గొంతేనా?" అంది జడ్జిగారు.

మేనేజరు మాట్లాడలేదు.

"మాట్లాడకుండా ఉండే హక్కు ఆయనకీ ఉంటుంది మేడం..." అని అలవాటు కొద్దీ లేవబోయాడు బావమరిది. మాస్టారు బల్ల కింద అతని కాలు కసుక్కున తొక్కారు. హక్కు అంతటితో ముగిసింది.

జడ్జిగారు ఫైలు ముందుకు లాక్కుంది. మాస్టారి మీద అభియోగం నిలవదంది. ఇక తిట్టిన విషయానికొస్తే, ఆ మాట ఆయన తనంతట తాను అనలేదు, విచారణలో అడిగితే చెప్పారు, పైగా ఎవరిని ఉద్దేశించీ అనలేదు అంది. టైపిస్టు ఆఖరి వాక్యం చదివి వినిపించాడు. "తుప్పుమొహము అనునది తానేనని మేనేజరుగారు స్వయముగా, ఎవరి బలవంతమూ లేకుండా, అక్షరములతో సహా చెప్పియున్నారు." దాని కింద మేనేజరు సంతకం చెయ్యాల్సి వచ్చింది.

సంగతి వినగానే గేటు దగ్గర గుంపు గొల్లుమంది. కంప్యూటరు అమ్మాయి ఫోన్లో మాస్టారి భార్యతో మాట్లాడి, పాస్‌వర్డ్ ఎవరి మొహమో ఆవిడకి ఒట్టేసి చెప్పింది. ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుందట. తర్వాత నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేసిందట.

దారి పొడుగునా మాస్టారు బావమరిదిని తిడుతూనే ఉన్నారు. "నీ హక్కులూ నువ్వూ! వేలే ఉండుంటే నిన్న మధ్యాహ్నమే ఆనించి, ఆ దొంగవెధవని పట్టించి, కిటికీ దగ్గర నా పని నేను చేసుకునేవాణ్ణి! రాత్రంతా సోఫాలో దొర్లాను! తెలుసా నీకు?"

"నిజమే బావగారూ" అన్నాడు బావమరిది, కుంటుతూ. "వేలైతే నిన్ననే తేలిపోయేది. కానీ అతనెవరో అతని మొహం మీదే చెప్పి, రాయించి, సంతకం పెట్టించే యోగం వేలితో పట్టేదా?"

మాస్టారు తిట్టబోయి ఆగారు. ఆలోచించారు. ఎంత ఆలోచించినా ఆ మాటకి ఎదురు దొరకలేదు. అందుకు ఆయనకి మరింత కోపం వచ్చింది.

ఆ వారమే కంపెనీ నోటీసు బోర్డు మీద కొత్త నిబంధన ఒకటి అంటించారు: ఇకమీదట ఉద్యోగుల పాస్‌వర్డులు పై అధికారుల ఎదుట పైకి చదువుటకు వీలుగా ఉండవలెను.